జలుబుకి గోడ ఉండదు!

పోయిన నెల అమ్మకి యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. కల్చర్ రిపోర్ట్ నా ఫోన్‌కే పంపారు. పైన ‘ఈ.కోలై’ అని బ్యాక్టీరియా పేరు. కింద యాంటీబయాటిక్స్ లిస్టు, ఒక్కోదాని పక్కన ఎస్ లేదా ఆర్. ఎస్ అంటే మందు పనిచేస్తుంది. ఆర్ అంటే బ్యాక్టీరియా లొంగదు. ఆర్‌లే ఎక్కువున్నాయి. ఆఫీసులో ఎర్రర్లు చూడటం నాకు అలవాటే గానీ, అమ్మ పేరు కింద చూస్తే చెయ్యి వణికింది.

నాది ఎంపీసీ బ్యాచ్. పదో తరగతి తర్వాత బయాలజీ ముఖం చూడలేదు. ఆ రాత్రి కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదివా.

మన కణం గదులున్న ఇల్లు లాంటిది. డీఎన్‌ఏకి కేంద్రకం అనే సొంత గది ఉంటుంది. బ్యాక్టీరియాది ఒంటిగది కాపురం. కేంద్రకం లేదు, డీఎన్‌ఏ ఉంగరంలా చుట్టుకుని మధ్యలోనే ఉంటుంది. ఈ.కోలై పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. వరసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటర్‌లో 500 పడతాయి!

కొన్ని బ్యాక్టీరియా గుండ్రంగా, కొన్ని కడ్డీల్లా, కొన్ని మెలికలు తిరిగి ఉంటాయి. ఆ ఆకారాన్ని నిలబెట్టేది చుట్టూ ఉండే గోడ. దాన్ని కట్టిన పదార్థం పేరు పెప్టిడోగ్లైకాన్. లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి గోడ బలహీనపడితే బ్యాక్టీరియా బుడగలా పగిలిపోతుంది. మన కణాలకి పల్చటి పొరే తప్ప గోడ లేదు. 1928లో ఫ్లెమింగ్ కనిపెట్టిన పెన్సిలిన్ దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే. గోడ కట్టే పనిని ఆపేస్తుంది. మన కణాల్లో ఆపడానికి అసలు గోడే లేదుగా!

ఇంకో తేడా ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లలో ఉంది. బ్యాక్టీరియావి 70ఎస్ రకం, మన కణద్రవంలోవి 80ఎస్ రకం. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ ఆ తేడాని వాడుకునే మందే. దాన్ని కనుగొన్న లెడర్లీ పరిశోధన బృందానికి అప్పట్లో సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మరి జలుబు? అది తెచ్చేది వైరస్. వైరస్ అసలు కణమే కాదు. గోడ లేదు, రైబోజోమ్ లేదు. అంటే జలుబుకి మనం మింగే యాంటీబయాటిక్ వైరస్‌ని తాకనే తాకదు. పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా మీద పడుతుంది. తట్టుకున్నవి మిగిలి, పెరుగుతాయి. పైగా మందుని తట్టుకునే జన్యువుల్ని ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరాల్లో పెట్టి పక్కవాటికి షేర్ కూడా చేస్తాయి.

ఇక్కడ ఆగిపోయా. ఎందుకంటే రెండేళ్లుగా ఇంట్లో ఎవరికి జలుబు చేసినా, పాత చీటీ ఫొటో చూపించి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొన్నది నేనే. రెండు రోజులు వేసుకుని తగ్గగానే మానేసేది అమ్మ.

ఎస్ అని ఉన్న ఇంజెక్షన్లతో అమ్మకి తగ్గింది. ఇంటికొచ్చాక బిస్కెట్ డబ్బాలో దాచిన సగం సగం షీట్లన్నీ బయటికి తీశా.

“మరి జలుబు చేస్తే ఏం వేసుకోవాల్రా?” అంది అమ్మ.

“ఏమీ వద్దు. మిరియాల పాలు తాగి పడుకో. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్దాం.”

“ఆ మాట నేను నీ చిన్నప్పుడే చెప్పాగా!” అంది.