సీ డ్రైవ్‌లో ఏమైనా ఉందా సార్?

కంప్యూటర్ బాగుచేసే కుర్రాడు ఫార్మాట్ కొట్టే ముందు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "సీ డ్రైవ్‌లో ఇంపార్టెంట్ ఏమైనా ఉందా సార్?" సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, మండల కేంద్రంలో జిరాక్స్ షాపు పక్క గదిలోనైనా ఇదే ప్రశ్న. యజమాని కాస్త ఆలోచించి, "ఏం లేదు, అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి" అంటాడు. పని తెలిసిన కుర్రాడైతే అక్కడ చెయ్యి ఆపుతాడు. ఎందుకంటే మామూలుగా విండోస్‌లో డెస్క్‌టాప్ ఉండేదే సీ డ్రైవ్‌లో. మై డాక్యుమెంట్స్ అంతే, డౌన్‌లోడ్స్ అంతే.

ఇంకాస్త జాగ్రత్తపరులు ముఖ్యమైనవన్నీ డీ డ్రైవ్‌లోకి మార్చి నిశ్చింతగా ఉంటారు. ఫార్మాట్ వరకు ఆ ఏర్పాటు పనికొస్తుంది. కానీ చాలా ఇళ్లలో సీ, డీ అనేవి ఒకే పొలం మధ్య వేసిన గట్టు లాంటివి. డిస్కు టిక్కుటిక్కుమంటూ పోయిన రోజు రెండూ కలిసే పోతాయి.

బయటి హార్డ్‌డిస్క్ కొన్న మొదటిరోజు జరిగేది చూస్తే అసలు రోగం తెలుస్తుంది. పెద్దగా కనిపించిన ఫోల్డర్లన్నీ అందులో పడేస్తారు: సినిమాలు, పాటలు, ఎప్పుడో దించుకున్న సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైళ్లు. డిస్కు సగం నిండుతుంది, బ్యాకప్ అయిపోయిందన్న తృప్తి మిగులుతుంది. ఆ సినిమా రేపు కావాలంటే యాభై చోట్ల దొరుకుతుంది. మేనమామను అడిగి నోట్‌ప్యాడ్‌లో రాసుకున్న వంశవృక్షం, అయిదు కిలోబైట్లు కూడా ఉండదు, అది మాత్రం ఇంకెక్కడా లేదు. ఏది దాచాలో సైజు చెప్పదు. ఇది పోతే మళ్లీ ఎవరి దగ్గరైనా దొరుకుతుందా అని అడిగితే తేలిపోతుంది.

అలా అడిగితే వదిలేయదగ్గవే ఎక్కువ. విండోస్ మళ్లీ ఎక్కించుకోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ డిజిలాకర్ నుంచి తెచ్చుకోవచ్చు. 2015లో మొదలైన ఆ సేవలో జారీ అయిన పత్రాలకు చట్టరీత్యా అసలు పత్రాల విలువే ఉంది. రిజిస్టరైన దస్తావేజుకు సర్టిఫైడ్ కాపీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగొచ్చు. వీటి స్కాన్లు పోతే తిరుగుడు తప్పదు గానీ కొంప మునగదు. రిజిస్టర్ కానివి వేరు. తాతల నాటి పంపకాల చీటీకి చెదలు పట్టాక, ఎవరో ఫోన్‌తో తీసిన ఫొటోయే ఆ ఇంటికి మిగిలిన ఆనవాలు.

మొత్తం దాచలేమని ఏదీ దాచకపోవడం సామాన్యులకే పరిమితమైన బద్ధకం కాదు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ 858 టెరాబైట్ల డేటాతో సహా కాలిపోయింది. మరోచోట దానికి నకలు లేదు. పరిమాణం మరీ ఎక్కువ కావడం వల్ల బయట బ్యాకప్ పెట్టలేకపోయామన్నది అధికారుల వివరణ. తిరిగి తయారుచేయలేనివి ఏవో ముందే ఏరి ఉంటే వాటికైనా నకలు మిగిలేది కదా!

తెలుగునాట ఈ ఎంపిక వెంటనే జరగాల్సింది డీటీపీ ఫైళ్లలో. పాతికేళ్లపాటు మన కథల పుస్తకాలు, చిన్న పత్రికలు, శుభలేఖలు ఎక్కువగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని పక్కన పెట్టేసింది. అను పద్ధతి యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఉన్న కోడ్‌లనే తెలుగు తలకట్లకు, గుడులకు, ఒత్తులకు వాడుకుంటుంది. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే నవల మొత్తం ఇంగ్లిష్ పిచ్చిరాతలుగా కనబడుతుంది. రచయిత పెన్‌డ్రైవ్‌లో పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే భద్రంగా దాచుకుంటాడు. పదేళ్ల తర్వాత రెండో ముద్రణకు తీసేసరికి డీటీపీ సెంటర్ మూతపడి ఉంటుంది, ఆపరేటర్ ఇంకో ఉద్యోగంలో ఉంటాడు.

కాబట్టి ఆ ఫైలుతోపాటు దాచాల్సినవి ఉన్నాయి. ఏ వెర్షన్ ఫాంట్లతో టైపు చేశారో ఆ ఫాంట్ ఫైళ్లు, లోపల వాడిన బొమ్మలు, ఒక పీడీఎఫ్. పీడీఎఫ్ అచ్చుకు, చదువుకోవడానికి బాగుంటుంది గానీ అందులోంచి తెలుగు కాపీ చేయబోతే మళ్లీ అదే గోల. అందుకని యూనికోడ్‌లోకి మార్చిన పాఠం కూడా ఉండాలి. కన్వర్టర్లు ఒత్తుల్ని అక్కడక్కడా తారుమారు చేస్తాయి. ప్రూఫు చూడక తప్పదు. ఈ చాకిరీకి బద్ధకించి అచ్చు పుస్తకం చూసి మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు చేయించుకోవడం శుద్ధ దండగ.

దుకాణాల్లో లెక్కలు రాసే ట్యాలీది ఇంకో తీరు. మై డాక్యుమెంట్స్ మొత్తం కాపీ చేసుకున్నా లెక్కలు అందులోకి రాకపోవచ్చు. ట్యాలీ తన డేటాను వేరే ఫోల్డర్లో, కంపెనీకో నంబరు పెట్టి దాస్తుంది. జీఎస్టీ రిటర్నులు పోర్టల్‌లో ఉంటాయి సరే, ఎవరి దగ్గర ఎంత బాకీ రావాలో పోర్టల్‌కేం తెలుసు?

ఇక "గూగుల్‌లో ఉన్నాయిగా" అనే ధీమా. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి లెక్కలేని ఉచిత నిల్వ ఆపేసింది. ఇప్పుడు మెయిళ్లు, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిపి ఉచితం 15 జీబీ. అది నిండితే కొత్త ఫొటోలు పైకి వెళ్లవు. హెచ్చరిక వస్తుంది, వేలితో పక్కకు నెట్టేస్తాం. పైగా సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ చెరిపింది అక్కడా చెరుగుతుంది, డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులుండి పోతుంది. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తీసేసే నియమాన్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది. అమెరికాలో ఉన్న కొడుకు తెరిచిపెట్టిన నాన్నగారి జీమెయిల్, ఆయన పోయాక ఎవరూ ముట్టకపోతే, అందులోని ఫొటోలతో సహా ఆ నియమం కిందికి రావచ్చు.

సొంత డిస్కే నయమా? పని కాగానే ఊడదీస్తేనే. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను కూడా పట్టుకుంది. అలాంటి రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌కు తగిలించి ఉన్న బయటి డిస్కులోని ఫైళ్లకూ తాళం వేసేస్తుంది. బ్యాకప్ అని పేరు పెట్టిన ఫోల్డర్‌ను అది ప్రత్యేకంగా గౌరవించదు.

దాచినది తెరుచుకుంటుందో లేదో చూసేవాళ్లు మరీ తక్కువ. 1998లో 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా ఒక తప్పు కమాండుతో సినిమా చాలాభాగం చెరిగిపోయింది. దాన్ని తీస్తున్న పిక్సార్ స్టూడియోలో బ్యాకప్ ఉంది. అది సరిగా పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. బిడ్డ పుట్టడంతో ఇంటినుంచి పనిచేస్తున్న ఆ సినిమా బృంద సభ్యురాలు గేలిన్ సస్మన్ దగ్గర ఓ కాపీ ఉండబట్టి గట్టెక్కారు. ఇళ్లలో చేయాల్సిన పరీక్ష చిన్నదే: బ్యాకప్ డిస్కును పక్కింటివాళ్ల కంప్యూటర్‌కు పెట్టి ఒక ఫొటో, ఒక వీడియో, ఒక డీటీపీ ఫైలు తెరిచి చూడటం.

కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నవాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి. వాటిలో చాలావాటికి విండోస్ తనంతట తనే బిట్‌లాకర్ తరహా తాళం వేస్తోంది. బోర్డు పోతే డిస్కును విప్పి ఇంకోదానికి తగిలించినా 48 అంకెల రికవరీ కీ లేనిదే ఏమీ కనబడదు. సాధారణంగా అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, కానీ ఆ ఖాతా పాస్‌వర్డ్ షాపులో ల్యాప్‌టాప్ అమ్మిన అబ్బాయి పెట్టినదై ఉంటే అదీ కష్టమే. ఆ 48 అంకెల్ని ఈ ఆదివారమే కాగితం మీదికి ఎక్కించి, బీరువాలో ఇంటి దస్తావేజుల కవర్లో పెట్టి, ఇంట్లో ఇంకొకరికి చూపించాలి.