జాతర జనం ఆగితే నష్టం ఎవరి ఖాతాలో?

బజారు మందగించడానికి కారణాలు రెండు విధాలు. సరుకు రాక తగ్గి లావాదేవీలు సన్నగిల్లడం ఒకటి. సరుకు నిండుగా ఉన్నా కొనేవాడు ఇల్లు కదలకపోవడం రెండవది. మొదటిది వర్తకులు బాగా ఎరిగినదే. వానలు, పురుగు, లారీల కొరత, ఎగుమతి సుంకాలు అన్నీ వారి లెక్కలో ఉంటాయి. రెండవదానికి మాత్రం చాలా ఖాతా పుస్తకాల్లో పద్దు లేదు. అంటువ్యాధి తలెత్తినప్పుడు సరుకు కంటే ముందు ఆగేది మనిషి ప్రయాణం. జాతరకో, తీర్థానికో, పెళ్ళికో, విహారానికో వెళ్ళవలసిన మనిషి ఆగితే అతని వెంట వెళ్ళవలసిన రూపాయి కూడా ఆగిపోతుంది. ఆ నష్టాన్ని ఎవరు ఎంత భరించాలన్నది ముందుగా తేల్చుకోకపోతే, అది ఒకరి నుంచి ఒకరికి జారి, చివరకు వరంగల్ కొత్తవాడలో గుంట మగ్గం ముందు కూర్చున్న నేతగాని మీద పడుతుంది. 2020, 2021 సంవత్సరాల అనుభవం ఇదే.

43 రోజుల తేడా

వరంగల్ వర్తక వర్గాలకు 2020 ఫిబ్రవరి పెద్ద గండం తప్పిన నెల. ఆ యేడు మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు జరిగింది. అప్పటికే చైనాలో కరోనా ప్రబలి ఉన్నది. జనవరి 30న కేరళలో దేశపు తొలి కేసు బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించినది కూడా ఆ రోజే. అయినా ములుగు అడవులకు జనం యథాప్రకారం తరలివెళ్ళారు. బంగారమని పిలుచుకునే బెల్లాన్ని నిలువెత్తు తూచి అమ్మవార్లకు సమర్పించారు. తెచ్చిన సరుకు తెచ్చినట్టు చెల్లిపోయింది.

మార్చి 2న తెలంగాణలో తొలి కేసు నమోదైంది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ప్రయాణికుల రైళ్ళు, బస్సులు నిలిచిపోయాయి. జాతర ముగిసిన నాటికీ, చక్రం ఆగిన నాటికీ నడుమ 43 రోజులే. జాతర తిథి ఆ సంవత్సరం ఓ నెలన్నర ఆలస్యంగా పడి ఉంటే బెల్లం దిమ్మెలు, కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, కోళ్ళు, మేకలు పెట్టుబడితో సహా వర్తకుల చేతిలోనే మిగిలిపోయేవి. బెల్లాన్ని వేరే బజారుకు మళ్ళించవచ్చు గాని జాతర ధర అక్కడ పలకదు. పైగా వానాకాలం వస్తే బెల్లం చెమ్మగిల్లి రంగు మారుతుంది. గండం తప్పించినది వర్తకుల ముందుచూపు కాదు, పంచాంగం. ఈ సంగతిని మరచిపోవడం మంచిది కాదు.

నిల్వ ఉండని గిరాకీ

మేడారం గద్దెల వద్ద జనం కిటకిటలాడుతున్న ఆ వారంలోనే షాంఘైలోని డిస్నీలాండ్ వినోద ఉద్యానం తలుపులు మూసి ఉన్నది. జనవరి 25న మూసిన ఆ ఉద్యానాన్ని మే 11న గాని తెరవలేదు. టోక్యోలోని డిస్నీలాండ్ ఫిబ్రవరి 29న మూతపడి జులై 1న తెరుచుకున్నది. అమెరికాలో కాలిఫోర్నియా డిస్నీలాండ్ 2020 మార్చి 14న మూతపడితే మళ్ళీ జనం లోపలికి అడుగుపెట్టినది 2021 ఏప్రిల్ 30న, అంటే పదమూడు నెలలు దాటిన తరువాత. హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీ సైతం 2020 మార్చి తరువాత పర్యాటకులు లేక నెలల తరబడి బోసిపోయింది.

ఈ వ్యాపారాల స్వభావం ఒక్కటే. నిన్న అమ్ముడుపోని ప్రవేశ టిక్కెట్టును ఇవాళ రెట్టింపు అమ్మి సరిపెట్టుకోవడం కుదరదు. ఖాళీగా పోయిన బస్సు సీటు, నిద్రపోయేవాడు లేని హోటలు గది, జరగని జాతర రోజు, ఇవన్నీ గోదాములో దాచలేని సరుకులు. ఆగిపోయిన యాత్ర మరుసటి ఏడు జరిగినా, ఒక యాత్ర ఖర్చే బజారులోకి వస్తుంది గాని రెండు యాత్రల ఖర్చు రాదు. అందువల్ల ప్రయాణాన్ని నమ్ముకున్న గిరాకీలో పోయినది పోయినట్టే లెక్క వేసుకోవాలి.

మిర్చి దారి, దర్రీ దారి

ఏనుమాముల మార్కెట్టులో మిర్చి కథ మరో విధంగా నడిచింది. చైనా కొనుగోళ్ళు మందగించడంతో 2020 ఆరంభంలోనే ఎగుమతి రకాల ధర మెత్తబడింది. సీజను మంచి ఊపులో ఉండగా లాక్‌డౌన్ వచ్చి యార్డులో జెండా పాట నిలిచిపోయింది. హమాలీలు, దడవాయిలు పని లేక ఇళ్ళకు పరిమితమయ్యారు. కాని మిర్చికి శీతల గిడ్డంగి ఉన్నది. ప్రయాణం చేసినా చేయకపోయినా ప్రతి ఇంట పొయ్యి వెలుగుతుంది, కూరలో కారం పడుతుంది. కనుక అక్కడ గిరాకీ వాయిదా పడిందే గాని నశించలేదు. గిడ్డంగి అద్దె, వడ్డీ భరించగలిగిన రైతు, ఖరీదుదారు నిలదొక్కుకున్నారు.

కొత్తవాడ దర్రీ ఈ రెండింటికీ నడుమ ఇరుక్కున్న సరుకు. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్ళి పేరు తెచ్చుకున్నవి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. పేరుకు కొదవ లేదు. కాని దర్రీ కొనేది ఎవరు? పెళ్ళిళ్ళకు, శుభకార్యాలకు జనాన్ని కూర్చోబెట్టేవారు, ఊరూరా చేనేత ప్రదర్శనలకు వచ్చేవారు, పర్యాటకులు, ప్రభుత్వ వసతి గృహాలు. 2020 మార్చి తరువాత పెళ్ళికి బంధువులు రాలేదు, ప్రదర్శనలు సాగలేదు, పర్యాటకుడు కానరాలేదు, వసతి గృహాలకు తాళాలు పడ్డాయి. నలుగురు కొనుగోలుదారులూ ఒక్కసారే అంగడికి దూరమైన సరుకు ఇంతగా మరొకటి లేదు.

దర్రీ కుళ్ళిపోదు. కాని వడ్డీ దాన్ని తినివేస్తుంది. ఉదాహరణకు లక్ష రూపాయల సరుకు నూటికి రెండు రూపాయల వడ్డీ సొమ్ముతో నేయించినదైతే, పది నెలలు పడి ఉంటే వడ్డీయే ఇరవై వేలు. చిన్న వర్తకుని లాభం అంతకు మించదు. అతడు ఏం చేస్తాడు? కొత్త ఆర్డర్లు ఆపుతాడు, నూలు ఇవ్వడం మానుతాడు. అతని నష్టం పదో నెలకు లెక్కకు వస్తుంది. ముక్కకు ఇంతని కూలి తీసుకునే నేతగాని నష్టం మొదటి రోజు సాయంత్రానికే పొయ్యి దగ్గర తెలుస్తుంది. మగ్గం ఆగితే పడుగు పట్టేవారికి, కండెలు చుట్టే ఆడవారికి కూడా కూలి లేదు.

అంతటితో ముగియలేదు. 2021 మే 12న తెలంగాణలో మళ్ళీ లాక్‌డౌన్ విధించారు. వరుసగా రెండు ఎండాకాలాల పెళ్ళిళ్ళ సీజను దెబ్బతిన్నది. తీరా గిరాకీ కోలుకునే వేళకు నూలు ధర మండింది. 2022 ఆరంభంలో ఏనుమాములలోనే క్వింటాలు పత్తి 10,000 రూపాయలు దాటింది. చేతిలో డబ్బు లేక నిల్వ సరుకును వచ్చిన ధరకు వదిలించుకున్నవారు ప్రియమైన నూలు కొనలేక రెండోసారి నష్టపోయారు.

ప్రయాణికునికి ఉన్న నిబంధన

ప్రయాణం ఆగిన నాడు టిక్కెట్టు కొన్నవాడికి ఏదో ఒక దారి కనిపించింది. రద్దయిన రైళ్ళకు రైల్వేలు పూర్తి సొమ్ము వాపసు ఇచ్చాయి. విమాన టిక్కెట్ల తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, వాపసు ఎవరికి ఎలా చెల్లించాలో 2020 అక్టోబరు 1న తీర్పు వచ్చింది. అంటే రద్దయిన ప్రయాణం నష్టాన్ని పంచడానికి ఒక కాగితం, ఒక నిబంధన, అవసరమైతే ఒక న్యాయస్థానం ఉన్నాయి. ఆ ప్రయాణాన్ని నమ్ముకుని దర్రీ నేసినవానికి మాత్రం ఏ కాగితమూ లేదు. నోటిమాటతో వచ్చిన ఆర్డరు నోటిమాటతోనే పోయింది.

నేతన్నకు చేయూత పొదుపు పథకం ఆనాడు కొంత ఆదుకున్నమాట నిజం. నేతగాడు కూలిలో నూటికి 8 వంతులు జమ చేస్తే ప్రభుత్వం 16 వంతులు కలిపే ఈ పథకంలోని సొమ్మును గడువు తీరకముందే తీసుకోవడానికి 2020లో అనుమతించారు. అయితే అది రేపటి కోసం దాచుకున్న సొమ్ము. దాన్ని ఇవాళ తినవలసి రావడం సహాయమని సంతోషించదగిన విషయమేమీ కాదు.

సూరత్ నేర్పిన పాఠం

భయం వ్యాధి కంటే వేగంగా ప్రయాణిస్తుందన్న సంగతి వరంగల్ నేత కుటుంబాలకు అంతకు ముందే అనుభవం. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వార్త పొక్కినప్పుడు కొద్ది రోజుల్లోనే లక్షల మంది నగరం విడిచారు. అక్కడి మరమగ్గాల మీద ఆధారపడిన తెలుగు పద్మశాలీ కుటుంబాలు ఎన్నో. మరణాలు పదుల సంఖ్యలోనే ఉన్నా మగ్గాలు ఆగాయి, వజ్రాల సానలు ఆగాయి. కొన్ని గల్ఫ్ దేశాలు భారతదేశానికి విమానాలు నిలిపివేశాయి. ప్రయాణాలపైన, వర్తకంపైన అటువంటి ఆంక్షలు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా, జరగవలసిన నష్టం అప్పటికే జరిగిపోయింది.

2022లో మేడారం మరో సంగతి చూపింది. మూడో విడత కరోనా భయంతో చాలామంది భక్తులు ఫిబ్రవరి 16 నుంచి 19 వరకు జరిగే జాతర రద్దీని తప్పించుకోవడానికి వారాల ముందే వెళ్ళి మొక్కులు తీర్చుకున్నారు. నాలుగు రోజుల గిరాకీ అనేక వారాలకు సాగింది. సరుకును విడతలుగా తెప్పించుకున్న వర్తకునికి ఇది లాభించే పరిస్థితి. నాలుగు రోజులకే మొత్తం సరుకు దింపేవానికి ఇబ్బంది. ప్రయాణికుడు ఎప్పుడూ పూర్తిగా మానుకోడు, ఒక్కోసారి వేళ మార్చుకుంటాడు. దాన్ని పసిగట్టడమే వర్తకుని నేర్పు.

చేయదగినవి

ఈ చర్చ వచ్చినప్పుడల్లా టోకు వర్తకులు చెప్పే మాట ఒకటున్నది. “మాకే బాకీలు వసూలు కాలేదు, మేము ఎవరికి ఏమివ్వగలం?” ఈ మాటను తోసిపుచ్చలేము. అరువు మీద సరుకు పంపి, పైవారి నుంచి పైకం రాక నలిగిన దుకాణదారులు కొత్తవాడలోనూ ఉన్నారు. అయితే నష్టం మొత్తం వర్తకుడే మోయాలని ఎవరూ కోరడం లేదు. ఎవరి వాటా ఎంతో తెలియకపోవడం వల్లనే బలహీనుని మీద బరువంతా పడుతున్నది. పైగా మగ్గం వదిలి వేరే కూలికి వెళ్ళిన నేతగాడు మళ్ళీ గుంటలోకి దిగుతాడన్న నమ్మకం లేదు. గిరాకీ తిరిగి వచ్చిన నాడు నేసేవాడు లేకపోతే వర్తకుడు అమ్మేదేమిటి?

ఇందుకు మూడు పనులు కష్టసాధ్యమైనవి కావు. మొదటిది, ఆర్డరు చీటీ మీద బయానా సంగతి రాసుకోవడం. ఆర్డరు రద్దయినా నూలు ఖర్చు, నేసిన మేరకు కూలి నేతగానికి చెల్లిపోయేటట్టు బయానా ఉండాలి. వసతి గృహాలకు కొనే ప్రభుత్వ సంస్థలు, సహకార సంఘాలు ముందుగా ఈ పద్ధతి పాటిస్తే ప్రైవేటు వర్తకులు అనుసరిస్తారు.

రెండవది, నిల్వ సరుకుపై రుణం. గోదాములో పెట్టిన ధాన్యంపై రైతుకు మార్కెట్ కమిటీలు రుణమిచ్చే విధానం వర్తకులకు తెలిసినదే. అదే విధంగా సహకార సంఘం గోదాములో నాణ్యత చూసి భద్రపరచిన దర్రీలపై తక్కువ వడ్డీకి రుణం దొరికితే, తెగనమ్ముకోవలసిన అవసరం తప్పుతుంది. చేతిలో పైకం ఉంటే నూలు చౌకగా ఉన్నప్పుడే కొనిపెట్టుకోవచ్చు.

మూడవది వర్తకుని సొంత పని. తన సరుకును మూడు గుంపులుగా విడదీసి చూడాలి. రోజుతో పాటే పోయే గిరాకీ ఒకటి, వాయిదా పడి తిరిగి వచ్చే గిరాకీ ఒకటి, ఏది ఎలా ఉన్నా ఆగని గిరాకీ మరొకటి. జాతర సరుకులో అప్పు తెచ్చిన సొమ్ము ఎక్కువ పెట్టరాదు. సగం ముందుగా, సగం జనం కదలిక చూసి తెప్పించుకోవాలి. ఊరి వదంతిని బట్టి గాక వైద్యాధికారుల ప్రకటనను, రైళ్ళ, బస్సుల రాకపోకలను బట్టి నిర్ణయించుకోవాలి.

వ్యాధి ఎప్పుడు వచ్చేదీ ఏ జెండా పాటా చెప్పదు. వచ్చిన నాడు నష్టాన్ని ఎలా పంచుకోవాలో మాత్రం ఇప్పుడే తీరికగా రాసుకోవచ్చు. బజారు నిమ్మళంగా ఉన్నప్పుడు కుదిరే ఒప్పందం, గిరాకీ కుప్పకూలిన నాడు కుదరదు. వచ్చే పెళ్ళిళ్ళ సీజనుకు కొత్తవాడలో ఇచ్చే ఆర్డరు చీటీ మీద రద్దయితే ఎవరు ఎంత భరించాలో ఒక్క పంక్తి చేర్చడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు.