తల్లిపాలు సరే, డి చుక్కలు ఎవరిస్తారు?



అంగళ్లులో రూములు తీసుకుని చదువుకుంటున్న మేము సెలవులకి తండాలకు పోయినప్పుడల్లా చూసేది ఇదే. నెలలు నిండేదాకా టమోటా తోటల్లో ఎండకి మాడిన అక్క, కాన్పు అవగానే చీకటి గదిలోకి పోతుంది. చెవులకి గుడ్డ, తలుపు మూత. దీన్ని మేము ఎగతాళి చేయట్లేదు. బాలింతకి రెస్టు దొరికేదే ఆ కొన్ని రోజులు. కానీ అప్పుడు తల్లికీ బిడ్డకీ ఎండ పూర్తిగా బంద్.

తల్లిపాలకి మించింది లేదు. డబ్బాపాలు పట్టమని ఎవరన్నా చెబితే వినొద్దు. అయితే ఆ పాలలో విటమిన్ డి మాత్రం చాలా తక్కువ, లీటరుకి మామూలుగా 80 యూనిట్లు కూడా దాటదు. బిడ్డకి రోజుకి 400 కావాలి. లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి.

"పొద్దున్నే లేత ఎండలో పడుకోబెడితే చాలదా?" అంటారు అవ్వలు. చాలదు. మన పక్కనే తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం పరీక్షించి చూసింది. ఇక్కడ డి బాగా తయారయ్యేది 11 నుంచి 2 గంటల మధ్య ఎండలోనే. ఆ ఎండలో పసిబిడ్డని ఎవరు పెడతారు? పల్లెల్లో పట్నం కంటే నయమే గానీ, పల్లె ఆడవాళ్లలో కూడా చాలామందికి డి తక్కువేనని వాళ్లే తేల్చారు.

సర్కారు తల్లికి కాల్షియం మాత్రలు ఇస్తుంది కదా అంటారేమో. ఒక్కో మాత్రలో 250 యూనిట్లు, రోజుకి రెండు, అంటే 500. అమెరికాలో హోలిస్, వాగ్నర్ 2015లో తేల్చిందేమంటే, పాల ద్వారానే బిడ్డకి సరిపోవాలంటే తల్లి రోజుకి 6400 తీసుకోవాలి. మనకిచ్చేది అందులో పన్నెండో వంతు కూడా కాదు. (అలాగని సొంతంగా మాత్రలు పెంచుకోవద్దు, ప్రమాదం.)

కాబట్టి చుక్కలు బిడ్డకే వేయాలి. ఏడాది నిండేదాకా రోజుకి 400 వేయమని పిల్లల డాక్టర్ల సంఘాలే చెబుతున్నాయి. పట్నంలో డాక్టర్ చీటీ రాస్తాడు, మెడికల్ షాపులో కొంటారు. కూలి దుడ్లతో బతికే తండాలో ఎవరు కొంటారు? బాలింత ఇంటికొచ్చే ఆశా అక్క సంచిలోనే ఆ సీసా ఉండాలని మేము అడుగుతున్నాం. మీరూ మీ పీహెచ్‌సీలో అడగండి.

కొనగలిగినవాళ్లు ఒకటి చూసుకోండి. కొన్ని సీసాల్లో ఒక ఎంఎల్‌కి 400 యూనిట్లు, కొన్నింట్లో 800 ఉంటాయి. లేబుల్ చదవలేని అమ్మలకి మీరే చదివి, డ్రాపర్ మీద గీత పెట్టివ్వండి.