నల్ల కారుకి నల్ల అద్దాలెందుకు?

మే నెలలో కర్నూలులో జొహర్ నమాజు ముగించుకుని బయటికొచ్చి, ఎండలో నిలబెట్టిన నల్ల కారు తలుపు పట్టుకున్నవాళ్లకి ధూప్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. చెయ్యి చురుక్కుమంటుంది. లోపల కూర్చుంటే అది సీటు కాదు, తవా. మా దూల్హేభాయ్ సెకండ్ హ్యాండ్‌లో కారు కొనేటప్పుడు తెల్లదీ ఉంది, వెండి రంగుదీ ఉంది. "నల్లదానికున్న షాన్ దేనికీ రాదు" అని నల్లదే తెచ్చుకున్నారు. షాన్ సంగతి సరే, మొదటి ఎండాకాలంలోనే ఆపా పోరు మొదలైంది. పిల్లలు ఉడికిపోతున్నారు, అద్దాలకి ఏదైనా వేయించండి అని.

వేయించారు. ఎంత నల్లగా అంటే, ఇంటి ముందు కారు ఆగితే లోపల ఎవరున్నారో తెలియక అమ్మీ గుమ్మంలోనే నిలబడి "కౌన్?" అని అడిగేది.

ఈ ఎండాకాలం మన ఇళ్లలో చాలామంది ఇదే పని చేయబోతున్నారు కాబట్టి నా రాయి ముందే చెప్పేస్తాను. నల్ల కారుకి నల్ల ఫిల్మ్ గలత్ సౌదా. వేడి తగ్గేది మనం అనుకున్నంత కాదు, కానూన్ ఒప్పుకోదు, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఖతర్నాక్ కూడా. ఈ మూడోదాని గురించి కిందకి వెళ్లాక చెబుతాను. అసలు నేనిది రాస్తున్నది దానికోసమే.

మనకున్న పెద్ద గలత్‌ఫహమీ ఏమిటంటే, చీకటంటే చల్లదనమని. చెట్టు నీడ చల్లగా ఉంటుంది కాబట్టి అద్దం నల్లగా ఉంటే కారు చల్లగా ఉంటుందనుకుంటాం. కానీ నేలకి చేరే సూర్యశక్తిలో కంటికి కనిపించే వెలుతురు 100లో సుమారు 43 పాళ్లే. సగానికి పైగా కంటికి కనబడని పరారుణ కిరణాలు, అంటే ఇన్‌ఫ్రారెడ్. మిగతా కొంచెం అతినీలలోహితం. చవక నల్ల ఫిల్మ్‌లో ఉండేది ఉత్త రంగు. అది వెలుతురుని ఆపుతుంది, ఇన్‌ఫ్రారెడ్‌ని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. ఆపిన వెలుతురు కూడా ఎక్కడికీ పోదు. అద్దమే వేడెక్కి, అందులో కొంత మళ్లీ మన భుజం మీదికే వస్తుంది. ఎండలో ఆ అద్దాన్ని లోపలినుంచి ఒకసారి ముట్టుకుని చూడండి. పైగా కొన్నేళ్లకి ఆ రంగు వెలిసి ఊదాగా మారుతుంది. అలాంటి ఊదా అద్దాల పాత కార్లు మీ మొహల్లాలోనే ఉండి ఉంటాయి.

మరి కారు నల్లగా ఉండటం వల్ల పోయేదెంత? అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లాబొరేటరీ వాళ్లు ఒకే మోడల్ కార్లు రెండింటిని, ఒకటి నల్లది, ఒకటి వెండి రంగుది, ఎండలో పక్కపక్కన పెట్టి కొలిచారు. 2011లో ఆ లెక్కలు బయటపెట్టారు. పైకప్పుల మధ్య తేడా 25 డిగ్రీల దాకా వచ్చింది. లోపలి గాలిలో మాత్రం తేడా 5, 6 డిగ్రీలే. 5 డిగ్రీలు తక్కువని నేననను, ఏసీ మీద పడే భారం ఏసీకే తెలుసు. కానీ వెండి రంగు కారు కూడా ఎండలో పొయ్యిలాగే కాలుతుంది. రెండు కార్లలోకీ ఎండ దూరేది అద్దంలోంచే. అద్దంలోంచి వచ్చిన ఎండ డ్యాష్‌బోర్డునీ సీట్లనీ కాలుస్తుంది, వాటినుంచి లేచే వేడిని అదే అద్దం బయటికి పోనివ్వదు. కాబట్టి రంగు గురించి ఇప్పుడు దూల్హేభాయ్‌ని ఎన్ని అన్నా లాభం లేదు, అద్దం మాట చూడాలి.

ఇక దుకాణంలో జరిగే తమాషా. ఒక వేడి లైటు వెలిగిస్తారు, దాని ముందు ఫిల్మ్ అంటించిన గాజుముక్క పెడతారు, మన చెయ్యి వెనక పెట్టమంటారు. "చూశారా భాయ్, 90 శాతం కట్!" ఆ లైటులో ఎక్కువగా ఉండేది ఇన్‌ఫ్రారెడే. సూర్యుడు ఆ లైటు కాదు. 90 అనేది ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక భాగానికి చెప్పే అంకె. మనం అడగాల్సింది మొత్తం సూర్యశక్తిలో ఎంత ఆగుతుందని. దుకాణం భాషలో దాన్ని టీఎస్‌ఈఆర్ అంటారు. ఇక్కడ చిన్న హిసాబ్ వేసుకోండి. వెలుతురు వాటా 43. అందులో 70 శాతం లోపలికి రానిచ్చే ఫిల్మ్ అంటే 30 పాళ్లు రానిచ్చినట్టే. ఇన్‌ఫ్రారెడ్‌నీ అతినీలలోహితాన్నీ మొత్తం ఆపేసినా సరే, 70కి మించి ఆగదు. ఇక తెల్లటి ఫిల్మ్ 90 శాతం వేడి ఆపుతుందని ఎవరైనా అంటే, షుక్రియా చెప్పి మెట్లు దిగొచ్చెయ్యండి. మంచి సిరామిక్ ఫిల్మ్‌కి ఈ అంకె 50 దగ్గర్లో ఉంటుంది. అదేమీ తక్కువ కాదు.

సిరామిక్ అని ఎందుకంటున్నానంటే, దాంట్లో రంగు కాదు, వెలుతురుని వదిలి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే సన్నటి రేణువులుంటాయి. లోహపు పూత ఉన్న ఫిల్ములు కూడా వేడి బాగానే ఆపుతాయి. కానీ అవి ఫోన్ సిగ్నల్‌కీ జీపీఎస్‌కీ అడ్డొస్తాయి. ముందు అద్దానికి వేస్తే ఫాస్టాగ్‌కి కూడా. టోల్ గేటు దగ్గర వెనక లారీ హారన్ కొడుతుంటే కారు ముందుకీ వెనక్కీ జరపడం ఒక్కసారి జరిగితే చాలు, బుద్ధొస్తుంది. సిరామిక్ ఖరీదెక్కువ. ఆ ఖర్చుకి మనసొప్పకపోతే అసలు ఫిల్మే వేయించకండి. చవక నల్లది మాత్రం వద్దు.

కానూన్ దగ్గరికొద్దాం. మోటారు వాహనాల నిబంధనల్లో 100వది ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలంటుంది. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకా గట్టి ఫైసలా ఇచ్చింది. కంపెనీ అద్దమే ఆ కొలతలో తయారై రావాలి, పైన ఏ శాతం ఫిల్మూ అంటించకూడదని. తర్వాత నిబంధన మారింది, 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఆ మార్పు చూపించి, 70-50 కొలత తప్పనంతవరకు ఫిల్మ్ వేసుకోవచ్చు, దానికి జుర్మానా వేయకూడదు అంది. అందుకే ఇప్పుడు దుకాణాలవాళ్లు "అంతా లీగల్ భాయ్" అంటున్నారు. అది కేరళ కోర్టు మాట. మన రోడ్డు మీద ఆపినవాళ్లకి కంటికి నల్లగా కనిపిస్తే చాలు, అక్కడ నిలబడి తీర్పు చదివి వినిపించే మౌకా ఎవరికీ ఉండదు.

కొలత తప్పకుండా చూసుకోవడం కూడా అనుకున్నంత ఆసాన్ కాదు. "50 శాతం ఫిల్మ్ వేస్తున్నాం, రూలు ప్రకారమే" అంటారు. కానీ కంపెనీ అద్దం అప్పటికే కొంత వెలుతురు ఆపుతోంది కదా. అద్దం 75 శాతం వదులుతుంటే, దానిమీద 50 శాతం ఫిల్మ్ పడితే మిగిలేది 37 చిల్లర. 70 శాతం ఫిల్మ్ వేస్తేనే 52 మిగులుతుంది, గీత దాటకుండా. అదే 75 శాతం ముందు అద్దమైతే, 90 శాతం వదిలే ఫిల్మ్ వేసినా 67కి పడిపోతుంది. అందుకే ముందు అద్దాన్ని ముట్టుకోవద్దంటాను. ఆగినప్పుడు లోపలివైపు వెండి రంగు సన్‌షేడ్ అడ్డం పెట్టండి. చాలా చవక, దాని ఎహసాన్ స్టీరింగ్ పట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

ఇంత చెప్పినా మనవాళ్లు కొందరు ఒక మాట అంటారు. "వేడి కోసం కాదు భాయ్, ఇంట్లో ఆడవాళ్లుంటారు, పర్దా." మా నానీ కాలంలో జట్కాకి గుడ్డ కట్టేవాళ్లు, రిక్షాకి కట్టేవాళ్లు. నాకు ఆ అదబ్ మీద ఇజ్జత్ ఉంది. కానీ దూల్హేభాయ్ ఈ మాటే అన్నప్పుడు ఆపా ఇచ్చిన జవాబు వినండి. "నా మీద బుర్ఖా ఉంది కదా, మళ్లీ కారుకి ఒకటెందుకు? రాత్రి మీరు పక్క అద్దంలోంచి సైకిలువాడిని చూడలేక బ్రేకు వేస్తే నా ప్రాణం పోతోంది." పసిబిడ్డకి పాలిచ్చే తల్లి సంగతి నిజమే. దానికి బండి పక్కకి ఆపి ఒక దుపట్టా కట్టుకుంటే సరిపోతుంది. దానికోసం రాత్రింబవళ్లు, ఎప్పటికీ, కారంతా చీకటి చేసుకోనక్కర్లేదు.

ఇక ఆ మూడో మాట. కిందటి ఏడాది మే నెలలో మా బంధువుల షాదీ. మధ్యాహ్నం పూట దావత్. షాదీఖానా ముందు కార్లు వరసగా ఆగాయి. ఆపా వాళ్ల చిన్నది, ఆరేళ్లది, వెనక సీట్లో నిద్రపోయింది. దూల్హేభాయ్ వెనక తలుపు తీసి మిఠాయి డబ్బాలు అందుకుంటూ, బిడ్డ తల్లితో దిగిందనుకున్నారు. తల్లి, ఖాలా చేతిలో ఉందనుకుంది. ఖాలా జనానాలో ఎవరో పిల్లని ఎత్తుకుని ఉంది, అది వేరే పిల్ల. తలుపులు లాక్ అయ్యాయి.

ఆగిన కారులో మొదటి పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కొంచెం దించి ఉంచినా పెద్ద తేడా రాదు. చిన్నపిల్లల ఒంటి వేడి పెద్దవాళ్లకంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా ఎక్కుతుంది. బయటే 40 దాటిన మధ్యాహ్నం అది. ఆ కారు పక్కనుంచి నడిచి లోపలికి వెళ్లినవాళ్లు యాభైమందైనా ఉంటారు. అందులో నేనూ ఉన్నాను. నా భాంజీ ఆ అద్దానికి అవతల ఉంది. నాకు అద్దంలో నా షేర్వానీ కనిపించింది, కాలర్ సర్దుకుని లోపలికెళ్లాను.

బిడ్డ లేచి, ఏడ్చి, ముందు సీట్లోకి పాకి హారన్ నొక్కింది. కార్లు కాపలా కాసే ముసలాయన మొదట ఎవరో ఆటలాడుతున్నారనుకున్నాడట. అద్దానికి కళ్లు ఆనించి, రెండు చేతులు అడ్డం పెట్టి చూస్తే గానీ కనబడలేదు. అల్లాహ్ దయ, తాళం తెచ్చేసరికి బిడ్డకి స్పృహ ఉంది. జుట్టంతా తడిసి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆపా ఆ రోజు దావత్ తినలేదు. దూల్హేభాయ్ ఎవరితోనూ మాట్లాడలేదు.

తప్పు పెద్దవాళ్లదే, ఫిల్ముది కాదని మీరనొచ్చు. నిజమే. పెద్దవాళ్లం మళ్లీ తప్పు చేస్తాం, షాదీలున్నంతకాలం చేస్తాం. ఆ రోజు ఆ యాభైమందిలో ఒక్కరికైనా బిడ్డ కనిపించి ఉండాల్సింది.

ఆ ఆదివారం దూల్హేభాయ్ హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని కూర్చున్నారు. వేడి తగిలిస్తూ మూలనుంచి మెల్లగా లాగితే ఫిల్మ్ వస్తుంది, జిగురు మిగులుతుంది, దాన్ని సబ్బునీళ్లతో తుడవాలి. వెనక అద్దానికి మంచు కరిగించే సన్నటి గీతలుంటే అక్కడ మాత్రం బ్లేడు ఆడించకండి, గీతలు తెగిపోతాయి. మేమిద్దరం కలిసి అసర్ దాకా గీకాం. ఇప్పుడు పక్క అద్దాలకి 70 శాతం సిరామిక్ ఉంది, ముందు అద్దానికి సన్‌షేడ్ ఉంది. ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలన్నీ దించి నడిపి, తర్వాతే ఏసీ వేస్తున్నారు. ఇంటి ముందు కారు ఆగితే అమ్మీ దూరంనుంచే చెయ్యి ఊపుతోంది.