పైన్ అడవిలో దోషి ఎవరు?

పిల్లలూ! బియ్యంలో ముక్కుపురుగును మీరంతా చూసే ఉంటారు. దానికి యూరప్ అడవుల్లో ఒక పెద్ద బంధువు ఉంది. పేరు హైలోబియస్ ఏబియెటిస్. పొడవు సుమారు ఒక సెంటీమీటరు. లిన్నేయస్ 1758లోనే దాన్ని వర్ణించాడు. పైన్, స్ప్రూస్ వంటి సూదుల్లాంటి ఆకులున్న చెట్ల లేతమొక్కల బెరడును ఇది కొరికి తింటుంది. ఆకుల్లో తయారైన ఆహారం బెరడులోని పోషక కణజాలం ద్వారానే వేళ్ళకు చేరుతుందని చదువుకున్నారు గదా! కాండం చుట్టూ బెరడు పోతే మొక్క చచ్చిపోతుంది. అందుకే స్వీడన్, బ్రిటన్ దేశాల్లో అడవులు పెంచేవారికి ఇది పెద్ద శత్రువు.

అయితే మందు చల్లి చంపేద్దామా? తొందరపడవద్దంటాను నేను. ఇన్ని పురుగులు ఎక్కడ నుంచి వచ్చాయో ముందు అడగండి.

తల్లిపురుగు చచ్చిన చెట్ల వేళ్ళ దగ్గర గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు ఆ వేళ్ళ బెరడు తింటూ పెరుగుతాయి. మామూలు అడవిలో చెట్లు అక్కడొకటి, ఇక్కడొకటి పడిపోతాయి. కనుక పురుగులూ తక్కువే. కాని మనిషి కలప కోసం చెట్లన్నీ ఒకేసారి నరికితే ఎటు చూసినా మోళ్ళే మిగులుతాయి. ఆ పచ్చి మోళ్ళ టర్పెంటైన్ వాసనకు పురుగులు గుంపులుగా ఎగిరివస్తాయి. సరిగ్గా అక్కడే లేతమొక్కలు నాటుతారు! విస్తరి వేసి వడ్డించి, తిన్నవాణ్ణి దొంగ అంటే న్యాయమా?

వెనుక ఈ మొక్కలకు డి.డి.టి. పట్టించి నాటేవారు. దాని కీడు తెలిసి స్వీడన్ 1970లలో మానేసింది. పురుగు మాత్రం పోలేదు. ఇప్పుడు అక్కడ కాండానికి సన్నని ఇసుకను జిగురుతో అంటించే పద్ధతి వచ్చింది. పురుగు ఆ పూతను కొరకలేదు. మొక్క చుట్టూ ఆకుచెత్త తీసి ఉత్తమట్టి ఉంచితే, పురుగు అక్కడ ఆగకుండా సాగిపోతుంది. కొన్ని పెద్దచెట్లను నరకకుండా నిలిపినా నష్టం తగ్గుతుంది. ఇవన్నీ దాని అలవాట్లను ఓపికగా గమనిస్తే తెలిసినవే.

“కలప అవసరం కదా, ఏళ్ళ తరబడి ఆగి నాటగలమా?” అని మీరడగవచ్చు. నిజమే. మందు అసలే వద్దని నేననను. అది మొదటి అడుగు కారాదంటాను.

మన కొబ్బరితోటల్లోని ఎర్రముక్కు పురుగు సంగతీ ఇటువంటిదే. చెట్టుకు గాయమైన చోటు వెతుక్కుని గుడ్లు పెడుతుంది. ఈసారి కొబ్బరితోటకు వెళితే కాండాలను పరిశీలించండి. ఆ గాయాల్లో మన కత్తి చేసినవి ఎన్నో లెక్కపెట్టండి.