నవ్వొస్తేనే బహుమతి
2018లో బ్రిటన్‌లోని బోలింజర్ ఎవ్రీమన్ వుడ్‌హౌస్ హాస్య నవలా బహుమతికి 62 పుస్తకాలొచ్చాయి. న్యాయనిర్ణేతలందరినీ పగలబడి నవ్వించిన పుస్తకం ఒక్కటీ లేదని ఆ ఏడు ఎవరికీ ఇవ్వలేదు. రచయితలకిది అవమానమని కొందరికి అనిపించొచ్చు. నాకైతే హాస్యానికి ఇంతకు మించిన గౌరవం లేదనిపిస్తుంది. గంభీరమైన నవల అర్థం కాకపోయినా గొప్పదేనని తలూపేయొచ్చు. నవ్వు దగ్గర ఆ మొహమాటం చెల్లదు. వస్తే వస్తుంది, లేదంటే లేదు. పైగా గెలిచినవారికి షాంపేన్ ఇచ్చి, మచ్చల మచ్చల గ్లాస్టర్‌షైర్ పంది ఒకదానికి వాళ్ల పుస్తకం పేరు పెడతారు. తన నవల పేరుతో పంది బురదలో పొర్లుతుంటే ఏ రచయితకు మాత్రం పొగడ్త తలకెక్కుతుంది? మన హాస్య పురస్కారాల కమిటీలూ ఏదో ఒక ఏడు, నవ్వు రాలేదని ఒప్పుకొని, శాలువా మడిచి బీరువాలో పెట్టే ధైర్యం చేయాలి.