ఆపింది ఆమె, పెంచాల్సింది అందరం

ఊళ్ళో గోడల మీది కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తక్కువమందిని కనమన్న ఆ మాట మనం విన్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఇప్పుడు నాయకులు వేదికలెక్కి మళ్ళీ కనమంటున్నారు.

ఎవరికి చెబుతున్నాం ఈ మాట? అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఏడుగురు కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆపడం ఆమె వంతు, కనడం ఆమె వంతు, పెంచడమూ ఆమె వంతే అయితే మన వంతు ఏమిటి?

దక్షిణ కొరియాలో 1960 ప్రాంతంలో తల్లికి ఆరుగురు పిల్లలు. 2023లో 0.72. జననాలు పెరగాలని అక్కడి ప్రభుత్వం ఏళ్ళ తరబడి డబ్బు కుమ్మరించింది. కానీ రాత్రిదాకా వదలని ఆఫీసులు, ఇంటిపని ముట్టని భర్తలు, తలకు మించిన ట్యూషన్ ఖర్చులు అలాగే ఉన్నాయి. మనమూ ఆ దారినే పోవాలా?

ఆరు నెలల సెలవు అయిపోయిన మర్నాడు ఉద్యోగానికి బయల్దేరే తల్లిని చూడండి. పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి, ఊరి నుంచి వచ్చిన అమ్మ చేతికి బిడ్డనిస్తుంది. అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే ఉద్యోగం మానుకోవడమే. యాభైమంది పనిచేసే చోట పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లోనే చట్టం చేశారు. మీ సంస్థలో ఉందా? లేకపోతే తల్లులు మాత్రమే కాదు, తండ్రులూ వెళ్ళి అడగండి. పత్తిచేను గట్టున చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, సాలు చివరికొచ్చినప్పుడల్లా బిడ్డను తొంగిచూసే కూలితల్లికి ఆ చట్టం నీడ కూడా లేదు. ఆమె బిడ్డకు పగటిపూట చోటు చూపించాల్సింది ఊరే.

తండ్రులారా, రాత్రి లేచి పాలు పట్టండి, గుడ్డలు మార్చండి. అది భార్యకు చేసే సాయం కాదు, మీ పనే. అత్తమామలారా, రెండోవాడెప్పుడని కోడలిని అడగకండి, ఆమె ఉద్యోగానికి అండగా నిలవండి. పిల్లలు వద్దనుకున్న దంపతుల జోలికి ఎవరూ పోవద్దు, అది వాళ్ళ హక్కు. కావాలనుకుని భయపడి ఆగిపోయిన వాళ్ళకు మనం ధైర్యమివ్వాలి. వచ్చే గ్రామసభలోనే, డ్వాక్రా సంఘాలన్నీ కలిసి, ఊళ్ళో మూడేళ్ళలోపు పిల్లలకు కేంద్రం కావాలని తీర్మానం పెట్టించండి. మగవాళ్ళు ముందు చేతులెత్తండి.